మడ మొక్క నాటే ముందు మట్టిని చదవడం ఎలా

మడ మొక్కలు నాటిన చోట ఏడాది తిరిగేసరికి ఎండుపుల్లలు మిగిలితే నారు మంచిది కాదనో, మేకలు తిన్నాయనో, పీతలు కొరికాయనో అంటుంటారు. అవీ ఉంటాయి. కానీ చాలాసార్లు కారణం మట్టిలో ఉంటుంది, దానికీ వెనక ఉన్న కారణం నీళ్లలో. పోటు ఎంత ఎత్తుకు వస్తోంది, పాటుకు, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, ఎంత తొందరగా దిగిపోతోంది అన్నదాన్ని బట్టే మడ నేల ఉప్పదనం, పులుపు, గాలి అందడం తేలతాయి. అందుకే ఈ పనిలో వరస ఒకటే: ముందు మట్టి చూడాలి, తర్వాత నీటి దారి సరిచేయాలి, మొక్క చివర్లో.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా గోదావరి, కృష్ణా డెల్టాల ఒండ్రు నేలలకు సరిపోతుంది. కోరింగ, భైరవపాలెం వైపైనా, సొర్లగొంది, నాచుగుంట వైపైనా మట్టి స్వభావం దగ్గరదగ్గరగానే ఉంటుంది. ఒక మాట ముందే చెప్పాలి. మడ అడవి ఉన్న నేల తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనల్లో అత్యంత కట్టుదిట్టమైన తరగతిలోకి వస్తుంది, కోరింగ 1978 నుంచి అభయారణ్యం కూడా. కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా పార వేయకండి. వన సంరక్షణ సమితి గానీ, ఎకో డెవలప్‌మెంట్ కమిటీ గానీ ఉన్న ఊళ్లలో వాళ్ల ద్వారా వెళ్తే పని తేలిక.

మొదట కళ్లతో, ముక్కుతో

పాటు బాగా దిగిన పూట వెళ్లండి. మొక్కలు చచ్చిన తావుకు పక్కనే బాగా పెరిగిన మడ తోపు ఒకటి వెతుక్కోండి. అదే మీ కొలబద్ద. మడ మట్టికి ఇంత ఉంటే మంచిది అని పుస్తకంలో ఉన్న అంకె కంటే, యాభై గజాల అవతల అదే ఏటి నీళ్లు తాగి బతుకుతున్న తోపులో ఉన్న అంకె ఎక్కువ చెబుతుంది. ఇక్కడి నుంచి ప్రతి పరీక్షా రెండు చోట్లా చేయాలి.

నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుందా? కూరగా వండుకునే ఇలకూర తప్ప మరేదీ మొలవడం లేదా? పాత మొదళ్లు కనిపిస్తున్నాయా? మూడూ ఉంటే అది ఒకప్పుడు కొట్టేసిన అడవి, ఇప్పుడు పళ్లెంలా గుంట పడిన నేల అని దాదాపు ఖాయం. చెట్లు పోగానే ఎండ నేరుగా నేలను తాకుతుంది. మట్టిలో నీరు ఆవిరై, వేళ్లు కుళ్లి, నేల కుంగుతుంది. పెద్ద పోటుకు నీళ్లు వచ్చి చేరతాయి గానీ తిరిగి ఏటిలోకి పోవు. నిలిచి, ఎండి, ఉప్పును అక్కడే వదిలేస్తాయి. పోటు పోటుకూ ఇదే జరుగుతూ ఏళ్లు గడిచేసరికి నేలలోని నీరు సముద్రం కంటే ఉప్పగా తయారవుతుంది.

పీత బొరియలు లెక్కపెట్టండి. మీటరు చదరంలో మంచి తోపులో ఎన్ని ఉన్నాయి, ఇక్కడ ఎన్ని? బొరియలు నేలలోకి గాలిని, పోటు నీటిని లోతుకు తీసుకెళ్లే గొట్టాలు. అవి లేని నేల బిగుసుకుపోయి ఉంటుంది.

ఒక పిడికెడు మట్టి తీసి విరిచి చూడండి. పైన గోధుమరంగు, వేళ్ల చుట్టూ, బొరియల గోడల మీద తుప్పురంగు గీతలు ఉంటే గాలి అందుతోందన్నమాట. లోపల నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వేస్తే గంధక వాయువు పుడుతోంది. వాసన కొంచెం ఉండడం మడ బురదకు సహజమే, దానికి భయపడక్కర్లేదు. పైపొర నుంచే నల్లగా, ఘాటుగా ఉంటే మాత్రం లేత వేళ్లు బతకవు. మట్టిలో లేత పసుపు మరకలు, గడ్డి రంగు చారలు కనిపిస్తే అక్కడే ఆగండి. అది పులిసిన నేల గుర్తు, దాని సంగతి కింద ఉంది.

వెంట తీసుకెళ్లవలసినవి

రెండంగుళాల పీవీసీ గొట్టం మీటరు ముక్క, ఒక అంచు రాపిడితో పదును చేసి. దాన్ని దించడానికి చెక్క సుత్తి, పైన మూయడానికి బిరడా. నీటి ఉప్పదనం చూడడానికి రొయ్యల చెరువుల వాళ్ల దగ్గర ఉండే రిఫ్రాక్టోమీటర్. పులుపు కొలిచే జేబు పీహెచ్ మీటరు, దాన్ని సరిచూసే 4, 7 బఫర్ ద్రావణాలు. 50 మిల్లీలీటర్ల సిరంజి, ఫిల్టర్ పేపర్లు. జిప్ సంచులు, చెరగని పెన్ను, ఐసు పెట్టె. తాపీ మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక గొట్టం 20 మీటర్లు. డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా. తిల్ల చెట్లు ఉన్న చోట కొమ్మలు నరకవద్దు. వాటి పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, చర్మం మీద పడితే బొబ్బలు. అందుకని కళ్లద్దాలు కూడా.

మట్టి తీయడం

ఏటి ఒడ్డు నుంచి లోపలికి తిన్నగా ఒక గీత అనుకోండి. ఆ గీత మీద 20 మీటర్లకు ఒక చోటు. ప్రతి చోటా ఒకటి రెండు మీటర్ల ఎడంలో మూడు గొట్టాలు దించాలి. ఒక్క గొట్టంతో సరిపెడితే అది పీత బొరియలో పడిందో, పాత వేరు మీద పడిందో మీకు తెలియదు. లోతులు మూడు: 0 నుంచి 10 సెంటీమీటర్లు, 10 నుంచి 30, 30 నుంచి 60. మొక్క మొదటి ఏడాది బతికేది పై రెండు పొరల్లో. మూడోది ఎందుకంటే మీరు రేపు కాలువ తవ్వితే బయటపడేది అదే.

సంచిలో గాలి పూర్తిగా పిండేసి మూసి ఐసులో పెట్టండి. ఇది చాదస్తం కాదు. మడ మట్టిని మామూలు పొలం మట్టిలా నీడలో ఆరబెట్టి ల్యాబుకు పంపితే దానిలోని ఇనుము, గంధకం గాలి తగిలి ఆమ్లంగా మారతాయి. పొద్దున తీసినప్పుడు 7 ఉన్న పీహెచ్ వారం తర్వాత 4 చూపించవచ్చు. పీహెచ్ అదే రోజు, పచ్చి మట్టి మీదే చూడాలి.

రెండు సార్లు తీయాలి: మే నెలలో ఒకసారి, వరదలు తగ్గాక అక్టోబరులో ఒకసారి. వేసవిలో ధవళేశ్వరం దిగువకు వచ్చే నీరు సన్నబడితే గౌతమి పాయల్లోకి సముద్రం ఎక్కి వస్తుంది, వరదల్లో అదే ఏరు దాదాపు తియ్యబడుతుంది. అక్టోబరు అంకె చూసి మురిసిపోయి నాటితే ఆ మొక్కకు మే నెలలో ఏం జరుగుతుందో తెలియదు. ఒక్కసారికే తీరిక ఉంటే మే నెలే ఎంచుకోండి.

ఉప్పదనం

ల్యాబులో ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్లు నీళ్లు కలిపి ఇచ్చే ఈసీ (విద్యుత్ వాహకత) అంకె పొలాలకు పనికొస్తుంది. ఇక్కడ అది తికమక పెడుతుంది, ఎందుకంటే వేరు తాగేది పలచన చేసిన నీరు కాదు. మనకు కావలసింది మట్టి రేణువుల మధ్య ఉన్న నీటి ఉప్పదనం.

గొట్టం తీసిన రంధ్రంలో 15, 20 నిమిషాల్లో నీరు ఊరుతుంది. మొదట ఊరినదాన్ని తోడి పారేయండి, అది పైనుంచి కారిన నీరు కావచ్చు. రెండోసారి ఊరిన నీటిలోంచి రెండు చుక్కలు రిఫ్రాక్టోమీటర్ మీద వేయండి. అంతకుముందు డిస్టిల్డ్ నీటితో సున్నా సరిచూసుకోండి. జిగురు మట్టిలో నీరు ఊరకపోతే, సిరంజి అడుగున ఫిల్టర్ పేపరు మడిచి వేసి, మట్టి నింపి గట్టిగా నొక్కితే చివర చుక్క దిగుతుంది.

మామూలు సముద్రపు నీరు 35 పీపీటీ, అంటే కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు. మే నెలలో 30 సెంటీమీటర్ల లోతు అంకెను పనిలో వాడుకునే లెక్క ఇలా ఉంటుంది. 25 లోపు ఉంటే మీ చేతిలో చాలా మడ రకాలున్నాయి: పొన్న, నల్లమడ, గుగ్గిలం, తిల్ల. 25 నుంచి 40 మధ్య తెల్లమడ ప్రధానంగా, కాస్త మెరక తావుల్లో కడవి. 40 దాటితే తెల్లమడ ఒక్కటే, అదీ గిడసబారి. 50 దాటితే నాటకండి. ఎదిగిన తెల్లమడ చెట్టు అంతకు మించిన ఉప్పును తట్టుకోగలదు గానీ, దాన్ని చూసి మోసపోతారు చాలామంది. ఆ చెట్టు మొలక దశలో ఉన్నప్పుడు నేల అలా లేదు.

తెల్లమడ ఆకు మీద ఉప్పు పలుకులు మెరుస్తుంటే రోగం అనుకోవద్దు. వేళ్లు వడకట్టగా మిగిలిన ఉప్పును ఆకులోని గ్రంథులతో బయటకు నెట్టే రకం అది. ఆకులు చిన్నవై, మందంగా మారి, కొసల నుంచి కొమ్మలు ఎండుతూ వస్తే అప్పుడు ఆలోచించాలి.

పులుపు

బతికున్న మడ బురద పీహెచ్ సాధారణంగా 6.5 నుంచి 8 మధ్య ఉంటుంది. 5.5 కిందకు దిగితే అనుమానించండి. 4 కిందకు దిగితే ఆ నేల ఇప్పటికే పులిసింది.

ఎందుకు పులుస్తుంది? సముద్రపు నీటిలో సల్ఫేటు ఉంది, ఒండ్రులో ఇనుము ఉంది, కుళ్లిన ఆకులున్నాయి, గాలి లేదు. ఈ నాలుగూ కలిస్తే మట్టిలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం పేరుకుంటుంది. నీటి కింద ఉన్నంతకాలం దానివల్ల ఏ హానీ లేదు. చెరువు తవ్వి గట్టు పోసినా, మట్టిని ఎండకు తిరగేసినా గాలి తగిలి గంధకామ్లం అవుతుంది. ఆ ఆమ్లం మట్టిలోని అల్యూమినియాన్ని కరిగించి వేళ్లను కాలుస్తుంది. మొదటి వానకు గట్ల నుంచి కారే ఎర్రటి నీటికి చేపలు తేలడమూ దీనివల్లే జరుగుతుంది.

పైకి మామూలుగా ఉన్నా లోపల పైరైట్ దాగి ఉందో లేదో తెలుసుకునే పరీక్ష ఉంది. గాజు గ్లాసులో చెంచాడు పచ్చి మట్టి వేసి, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొంచెం కొంచెంగా పోయండి. ఇది మెడికల్ షాపులో దొరికే పలచన సరుకు కాదు, చర్మాన్ని కాల్చేది. చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు, బయట గాలిలో, పిల్లలు లేని చోట. అమ్మే పెరాక్సైడ్ కాస్త ఆమ్లంగా ఉంటుంది కాబట్టి ముందే కాస్టిక్ సోడా చుక్కలతో దాని పీహెచ్‌ను 5 దగ్గరకు తేవాలి. నురగ పొంగడం చూసి నిర్ణయానికి రావద్దు, మామూలు ఆకుకుళ్లు కూడా పొంగిస్తుంది. పొంగు ఆగి, చల్లారాక పీహెచ్ చూడండి. 3 కిందకు పడిపోతే ఆ పొరను గాలికి పెట్టకూడదు. గవ్వలు, గుల్లలు ఎక్కువున్న మట్టిలో వాటి సున్నం ఆమ్లాన్ని మింగేస్తుంది కాబట్టి అక్కడ అంకె అంతగా దిగదు. అది కొంతవరకు మంచి వార్తే.

బిగువు

గొట్టం లోపలి వ్యాసం 5 సెంటీమీటర్లయితే, 10 సెంటీమీటర్ల ముక్క పరిమాణం 196 ఘన సెంటీమీటర్లు. ఆ మట్టిని 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఎండబెట్టి తూకం వేయండి. 157 గ్రాములు వచ్చిందనుకోండి, 157ను 196తో భాగిస్తే 0.8. పక్క తోపులోనూ ఇలాగే చేసి పోల్చండి. చచ్చిన తావులో అంకె బాగా ఎక్కువుంటే నేల కుంగి గట్టిపడింది. ట్రాక్టరు, పొక్లెయిన్ తిరిగిన పాత రొయ్యల చెరువు అడుగుల్లో ఇది మామూలు. అలాంటి చోట గాలి కోసం నేలలోంచి పొడుచుకొచ్చే ఊపిరి వేళ్లు పైకి రాలేవు, విత్తు వేరు కిందకు దిగలేదు.

మట్టి రకం చేత్తోనే తెలుస్తుంది. తడి మట్టిని బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి పట్టీలా సాగదీయండి. 5 సెంటీమీటర్లు దాటి తెగకుండా సాగితే బంక, తొందరగా తెగితే ఒండ్రు, పట్టీ కట్టకుండా రాలితే ఇసుక. ఇసుక దిబ్బల మీద ఉప్పు తొందరగా కడుక్కుపోతుంది, పోషకాలూ అంతే.

సేంద్రియ కర్బనానికి ల్యాబుకు పంపేటప్పుడు అది ఉప్పు నేల మట్టి అని చీటీ మీద రాయండి. మామూలు పద్ధతిలో క్లోరైడు కూడా కర్బనంలా లెక్కలోకి వచ్చేస్తుంది. దాన్ని అడ్డుకోవడానికి వాళ్లు సిల్వర్ సల్ఫేటు కలపాలి. ఇక యూరియా, డీఏపీ ఆలోచన వదిలేయండి. ఎరువు దొరికిన మడ మొక్క వేళ్లను తక్కువ చేసి కొమ్మలను పెంచుతుంది. వానలు మొహం చాటేసి ఉప్పు పెరిగిన ఏడాది ముందుగా ఎండేది అలా ఏపుగా పెరిగినదే.

నీటి మట్టం

అన్ని పరీక్షల్లోకీ చవకైనదీ, ఎక్కువమంది ఎగ్గొట్టేదీ ఇదే. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. కాకినాడ దగ్గర పెద్ద పోటుకూ పాటుకూ తేడా ఒకటిన్నర మీటరు లోపే. ఇంత చిన్న తేడాలో పది సెంటీమీటర్లు అటూ ఇటూ అయితే ఒక తావు రోజూ మునుగుతుంది, ఇంకోటి నెలకు నాలుగు రోజులే తడుస్తుంది.

వెదురు కర్రకు 5 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున మూత పెట్టిన చిన్న ప్లాస్టిక్ సీసాలు కట్టండి. ప్రతి సీసా పక్కన చిన్న రంధ్రం ఉండాలి. పౌర్ణమి లేదా అమావాస్య పోటు వెళ్లాక చూస్తే, నీళ్లున్న అన్నిటికంటే పై సీసా పోటు ఎక్కిన ఎత్తు. ఒక కర్ర మంచి తోపులో, ఒకటి చచ్చిన తావులో, ఒకటి ఏటి ఒడ్డున. తర్వాత మట్టం గొట్టంతో మూడు చోట్ల నేల ఎత్తు పోల్చండి. చచ్చిన తావు ఒడ్డు కంటే పల్లంగా ఉంటే నీరు నిలిచేది అందుకే. మెరకగా ఉంటే నీరు చేరక ఉప్పు కడగబడటం లేదు. ఈ రెండింటికీ మందు వేరువేరు.

నీటికి దారి

గుంట పడిన నేలకు గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ కలిసి 1990ల చివర్లో మొదలుపెట్టి చేసిన పద్ధతే ఇప్పటికీ మేలు: చేప ముల్లులా కాలువలు. ఏటి నుంచి లోపలికి ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పెద్ద కాలువ పైన సుమారు 3 మీటర్లు, అడుగున 1 మీటరు వెడల్పు, 1 మీటరు లోతు. పిల్ల కాలువ పైన 2 మీటర్లు, అడుగున 60 సెంటీమీటర్లు, లోతు 75. పిల్ల కాలువల మధ్య సుమారు 12 మీటర్లు. గోడలు నిలువుగా కాకుండా వాలుగా తవ్వడంలోనే కిటుకు ఉంది. మొక్క నాటేది ఆ వాలు మధ్యలోనే, అక్కడ పోటుకు తడుస్తుంది, పాటుకు ఊపిరి పీలుస్తుంది.

పని చెడేది ఇక్కడ. పెద్ద కాలువ అడుగు ఏటి వైపు వాలి ఉండాలి. మధ్యలో ఒక్కచోట ఎత్తు మిగిలినా దాని వెనక నీరు నిలుస్తుంది, పాత కథ మళ్లీ మొదలు. తవ్విన మట్టిని కాలువ గట్టున వరసగా పోయకండి. అది కట్టలా మారి నీటిని పక్క నేలకు పోనివ్వదు, పైరైట్ ఉంటే ఎండి ఆమ్లం కూడా కారుస్తుంది. పలచగా పరిచి, మధ్య మధ్య ఖాళీలు వదలండి. పెరాక్సైడ్ పరీక్షలో 60 సెంటీమీటర్ల పొర 3 కిందకు పడిందా? అయితే అంత లోతుకు పోవద్దు, లోతు తగ్గించి వెడల్పు పెంచండి.

వదిలేసిన రొయ్యల చెరువైతే గట్టుకు గండ్లు కొట్టడమే ప్రధానమైన పని. గండి అడుగు చెరువు అడుగు కంటే ఎత్తులో ఉండకూడదు. ఎండగట్టి సున్నం చల్లుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఎండగడితే పులుపు పెరుగుతుంది. రోజూ వచ్చిపోయే ఉప్పునీటిలోనే ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేటు ఉంది.

కాలువలు పూర్తయ్యాక ఒక వానాకాలం నేలను అలా వదిలేయండి. వరద నీరు ఉప్పును కడుగుతుంది. తర్వాతి మే నెలలో మళ్లీ రిఫ్రాక్టోమీటర్ పట్టుకెళ్లండి. 40 కిందకు దిగితే ఆ వానల్లో నాటవచ్చు. పక్క తోపు నుంచి గింజలు కొట్టుకొచ్చి వాటంతటవే మొలుస్తుంటే ఇంకా మంచిది, ఖాళీల్లో మాత్రమే నాటండి.

నాటాక

వాలు మీద మొక్కకు మొక్కకు 2 మీటర్లు. తెల్లమడ, నల్లమడ సంచుల్లో పెంచిన మొక్కలు, సంచి తీసేసి, మెడ వరకే పాతాలి. పొన్న కాయను నేరుగా గుచ్చవచ్చు, పొడవులో మూడో వంతు బురదలోకి, మొగ్గ వైపు పైకి. లోతుగా గుచ్చితే కుళ్లుతుంది.

ఊపిరి వేళ్ల మీద కన్నేసి ఉంచండి. వాటి ఒంటి మీద ఉన్న సన్నని రంధ్రాల ద్వారానే చెట్టు గాలి తీసుకుంటుంది. పక్కన ఎక్కడైనా పూడిక తీసి ఇటు పోసినా, వరద ఒక్కసారిగా ఇసుక మేట వేసినా అవి కప్పుకుపోయి, పచ్చగా ఉన్న చెట్టు కొద్ది నెలల్లో నిలువునా ఎండుతుంది. వేళ్ల కొసలు కనిపించేవరకు మేటను చేత్తోనే తీయించాలి, పారతో వేళ్లు తెగుతాయి.

కాలువలు మాత్రం తవ్వి వదిలేస్తే పూడిపోతాయి. గోదావరి తెచ్చే ఒండ్రు అలాంటిది. మొదటి మూడేళ్లు వరదలు తగ్గగానే నవంబరులో ఒకసారి పూడిక తీయించండి, ముఖ్యంగా ఏటిలో కలిసే నోటి దగ్గర. మొక్కల ఖర్చు రాసుకునే రోజే ఈ కూలి ఖర్చు కూడా పక్కన రాసుకోండి.